మోటారు కార్లకు మరల రంగు వేయుట: ఏ రంగు, ఎచ్చట, ఎట్లు

కారునకు రంగు వేయించుట అలంకారము కొరకు మాత్రమే కాదు. బాడీలోని ఇనుప రేకును గాలియు తేమయు తినివేయకుండ కాపాడునది ఆ రంగు పొరయే. కాకినాడ, విశాఖపట్టణము వంటి సముద్రతీర పట్టణములలో రంగు పెచ్చులూడిన చోట ఒక్క వర్షకాలములోనే తుప్పు పట్టుట అందరు నెరిగినదే. కనుక రంగు చెడినప్పుడు మరల వేయించుట మంచి పనియే. అయితే ఏ రంగు వేయింపవలెనను ప్రశ్న వచ్చినప్పుడు మెరుపు, మన్నిక, ధర అను మూడింటినే చూచుట మనకు వాడుకయైనది.

ఆరోగ్య విషయములు చెప్పవలసిన పుస్తకములో కారు రంగుల ప్రస్తావన ఏల అని పాఠకులకు తోచవచ్చును. గన్నుతో రంగు చిమ్ము మేస్త్రీ, అతని చెంత డబ్బాలు కలుపు కుర్రవాడు, షెడ్డు వెనుక గదిలో కాపురముండు కుటుంబము, వీరందరును ఆ రంగునే పీల్చుచున్నారు. ఒక రంగు వలన సాయంకాలము తలనొప్పి రావచ్చును. మరియొక రంగు వలన జీవితాంతము విడువని ఉబ్బసము రావచ్చును. ఆ రెండు రంగులకును డబ్బాపై వ్రాతలో తప్ప కంటికి కనబడు భేదము లేదు.

రంగు అనగా ఒక్క పూత కాదు

సామాన్యముగా కారుపై మనకు కనబడునది పైపొర మాత్రమే. దాని క్రింద రేకునకు అంటి తుప్పును ఆపు ప్రైమరు, సొట్టలను పూడ్చిన పుట్టీ, ఆ గరుకును నునుపు చేయు మరియొక ప్రైమరు, ఆపైన రంగు, దానిపై రంగులేని క్లియర్ కోటు వరుసగా నుండును. కర్మాగారము నుండి వచ్చిన కొత్త కారుపై ఈ పొరలన్నియు కలిపి సుమారు 100 మొదలు 140 మైక్రాన్ల మందము మాత్రమే యుండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఇంత పలుచని వరుసలో ఒక పొర మరియొక పొరతో పొసగనిచో మొత్తము చెడును. ఒక కంపెనీ ప్రైమరు, మరియొకరి రంగు, ఇంకొకరి థిన్నరు కలిపి వాడుట మన షెడ్లలో మిక్కిలి కానవచ్చు పొరపాటు. రంగును ఎంచుకొనుట అనగా ఈ వరుసనంతను ఎంచుకొనుట.

రంగులలోని రకములు

మోటారు వాహనములు వచ్చిన తొలి దినములలో వాటికి గుఱ్ఱపు బండ్లకు వలెనే నూనె వార్నీషులు పూయుచుండిరి. అవి ఆరుటకు వారముల కొలది కాలము పట్టెడిది. 1920ల నడుమ అమెరికాలోని ద్యూపాంట్ కంపెనీ వారు నైట్రోసెల్యులోజు లాకరును 'డ్యూకో' అను పేర విక్రయింపగా, జనరల్ మోటార్సు వారు దానిని కార్లపై చిమ్మించిరి. వారముల పని దినములలోనికి వచ్చెను. ఆ పేరు మన దేశమున ఎంతగా స్థిరపడినదనగా, నేడు ఏ రంగు చిమ్మినను దానిని 'డ్యూకో పెయింటింగు' అనియే పలుచోట్ల బోర్డులపై వ్రాయుచున్నారు. కారు యజమాని బోర్డును నమ్మక, డబ్బాను చూపుమని అడుగుట మేలు.

ఈ లాకరు ఆరుటలో రసాయనిక మార్పేమియు లేదు. అందలి థిన్నరు ఎగిరిపోవును, మిగిలినది పొరగా నిలుచును. చిమ్ముటకు సిద్ధముగా కలిపిన లాకరులో సగమునకు మించి థిన్నరే యుండును గనుక, కారుపై నిలుచు దానికంటె గాలిలోనికి పోవునదే హెచ్చు. ఆ గాలిని పీల్చిన వానికి మైకము, వికారము, తలతిరుగుట కలుగును; ఏండ్ల తరబడి పీల్చినచో జ్ఞాపకశక్తియు, నరములును దెబ్బతినును. నిప్పునకు ఇది మిక్కిలి చేరువ పదార్థము. బీడీ నిప్పు, స్విచ్చి నుండి లేచు చిన్న రవ్వ చాలును. ఇంకొక సంగతి చాలమందికి తెలియదు. లాకరు ధూళి పేరుకొనిన చోటనే నూనె ఎనామెలు తుంపర కూడ పడినచో, ఆ కుప్ప తనంతట తాను వేడెక్కి అంటుకొనవచ్చును. రెండు రకములును చిమ్ము షెడ్డులో ఒకటి ముగించి, నేలను, గోడలను, ఫిల్టర్లను శుభ్రపరచిన పిదపనే రెండవది మొదలిడవలెను.

సింథటిక్ ఎనామెలు గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లగా గట్టిపడును. లారీలకు, ట్రాక్టర్లకు దీనిని బ్రష్షుతో కూడ పూయుదురు. చవుక. ఆరుటకు ఒక రాత్రి పట్టును గనుక దుమ్ము, దోమలు అంటుకొనును; రెండు మూడు వేసవులకు వెలియును. ఆరోగ్యదృష్టితో చూచినచో, బ్రష్షుతో పూసిన ఎనామెలు మిగిలిన వాటికంటె తక్కువ అపాయకరము. తుంపర లేకపోవుటయే అందులకు కారణము.

ఇక మూడవది, నేడు మంచి షెడ్లన్నింటిలోను వాడునది, మేస్త్రీలు 'టూ కే' అనియు 'పీ యూ' అనియు పిలుచు పాలియురేథేను రంగు. ఇది రెండు డబ్బాలుగా వచ్చును. ఒకదానిలో అక్రిలిక్ రెజినుతో కూడిన రంగు గాని క్లియరు గాని యుండును. రెండవ చిన్న డబ్బాలో హార్డెనరుండును. రెండును కలిసిన క్షణము నుండి రసాయనిక సంయోగము ఆరంభమగును. కొన్ని గంటలలో గిన్నెలోనిది గట్టిపడి పనికిరాకుండ పోవును. గట్టిపడిన పొరను పెట్రోలు కరగింపదు, ఎండ త్వరగా వెలిపింపదు. మెరుపులో, మన్నికలో దీనికి సాటి లేదు. ఈ సంగతిని దాచి, దీనిని వట్టి విషమని చెప్పుట ప్రజలను తప్పుదారి పట్టించుటయే. లోపము రంగులో లేదు. దానిని చిమ్ము స్థలములోను, విధానములోను కలదు.

హార్డెనరు డబ్బాలో నున్నది ఏమి?

ఆ చిన్న డబ్బాలో నుండునవి ఐసోసయనేటులు. కారు రంగులలో ఎక్కువగా వాడునది హెక్సామెథిలీన్ డైఐసోసయనేటు నుండి చేసిన రకము. ఈ జాతి పదార్థములతో పాలియురేథేనులను చేయు విధానమును 1937లో జర్మనీలో ఓట్టో బాయరు కనిపెట్టెను. వీటిని పీల్చిన పనివారికి ఉబ్బసము వచ్చుటను 1951 నాటికే ఫ్రాన్సు వైద్యులు ప్రకటించిరి. అనగా ఈ ముప్పు కొత్తగా తెలిసినది కాదు.

భోపాలు పేరు వినిన వారికి ఇచ్చట ఒక సందేహము కలుగును. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరేయి అచ్చటి పురుగుమందుల కర్మాగారము నుండి వెలువడినది మిథైల్ ఐసోసయనేటు. అది ఒకే కుటుంబమునకు చెందినదైనను వేరు పదార్థము. మిక్కిలి సులభముగా ఆవిరియై, పీల్చిన వెంటనే వేలమందిని చంపినది. హార్డెనరులోని ఐసోసయనేటు అంత త్వరగా ఆవిరి కాదు. మూత తీసినంత మాత్రమున ఎవరును కూలిపోరు. ఈ కారణము చేతనే మేస్త్రీలు దానిని లెక్కచేయరు. అయితే గన్నులో పోసి చిమ్మినప్పుడు అది సన్నని తుంపరయై, ఆవిరి కాకయే ఊపిరితిత్తుల లోతులకు చేరును.

అచ్చట జరుగునది మామూలు విషప్రయోగము వంటిది కాదు. కొందరి శరీరము ఆ పదార్థమును శత్రువుగా గుర్తుంచుకొనును. ఇందులకు కొన్ని వారములు పట్టవచ్చును, కొన్ని ఏండ్లు పట్టవచ్చును; అంతవరకు మేస్త్రీకి ఏ బాధయు నుండదు. ఒకసారి గుర్తుంచుకొనిన పిమ్మట మాత్రము అతి స్వల్పమైన తుంపర సోకినను రొమ్ము పట్టివేయును, పిల్లికూతలు వచ్చును, ఊపిరాడదు. ఇరువది యేండ్లు శ్రమించి నేర్చిన పనిని అతడు విడువవలసి వచ్చును. పక్క షెడ్డులో ఇంకొకడు చిమ్మినను అతనికి ఆయాసము రావచ్చును. దీనిని మాన్పు మందు లేదు. చర్మముపై పడిన హార్డెనరు వలన కూడ శరీరము ఈ విధముగా మారవచ్చునని తెలిసినది గనుక, చేతులకు నైట్రైలు తొడుగులు లేక డబ్బాను తెరవరాదు.

ఐసోసయనేటుకు వాసన లేదనుట సరికాదు. కాని అపాయకరమైన మోతాదుకు ఎంతో మించినప్పుడు గాని వాసన తెలియదు. షెడ్డులో గుప్పుమని వచ్చునది థిన్నరు వాసన. అది తగ్గినంత మాత్రమున గాలి శుద్ధమైనదని తలచుట పెద్ద పొరపాటు.

ముఖమునకు కట్టు గుడ్డ

తువాలును ముక్కునకు కట్టుకొని రంగు చిమ్ముట మన షెడ్లలో నిత్యము చూచుచున్నాము. ఆ గుడ్డ వలన మీసములకు రంగు అంటకుండునేమో గాని, ఆవిరులు ఆగవు; సన్నని తుంపరయు ఆగదు. మందుల దుకాణములో దొరకు ముసుగు సంగతియు అంతే. బొగ్గు డబ్బీలు గల రబ్బరు ముఖకవచము థిన్నరు ఆవిరులకు పనికివచ్చును. లాకరు, ఎనామెలు చిమ్మువారు కనీసము దానిని ధరింపవలెను. గడ్డము గీసుకొనవలెను, లేనిచో అంచుల నుండి గాలి దూరును. డబ్బీలోని బొగ్గు నిండిపోయినప్పుడు థిన్నరు వాసన లోనికి వచ్చి హెచ్చరించును. ఐసోసయనేటు అట్లు హెచ్చరింపదు. అందుచేత టూ కే రంగు చిమ్ము వారికి తగినది, వేరు చోటి నుండి గొట్టము ద్వారా మంచి గాలి వచ్చు కవచము ఒక్కటియే. ఆ గాలిని కంప్రెసరు నుండి తీసినచో నడుమ తగిన ఫిల్టర్లు ఉండవలెను. కంప్రెసరు గాలి పీల్చు మూతి జనరేటరు పొగ గొట్టము చెంత ఉండరాదు. ఉన్నచో మేస్త్రీ బొగ్గుపులుసు కంటె ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడును పీల్చును.

గాలి కవచము ధరించిన మేస్త్రీలు సైతము చేయు తప్పు ఒకటి కలదు. ఒక తలుపునకు చిమ్మి, మెరుపు ఎట్లున్నదో చూచుటకు అద్దమును పైకెత్తుదురు. గన్ను ఆపిన తరువాత తుంపర కంటికి కనబడదు, కాని గాలిలోనే యుండును. గాలిని లాగు యంత్రము గల బూతులో కొన్ని నిమిషములకు, మూసిన గదిలో అరగంటకు పైగా కాలమునకు గాని అది పోదు. అంతవరకు కవచమును తీయరాదు, ఇతరులు లోనికి రారాదు.

ఇంటిలోని బల్ల ఫ్యానును పెట్టి తుంపరను వీధిలోనికి తోలుట కొందరి ఉపాయము. ఆ మోటారు నుండి రవ్వలు లేచి నిప్పంటుకొనును. నిప్పు అంటుకొననిచో పొరుగువారు ఆ తుంపరను పీల్తురు.

గన్నును ఎంచుకొనుటలో కూడ ఆరోగ్యమున్నది. పాతరకపు గన్ను మిక్కిలి ఒత్తిడితో చిమ్మి, రంగులో చాల భాగమును గాలిపాలు చేయును. మూతివద్ద చదరపు అంగుళమునకు 10 పౌనులకు మించని ఒత్తిడితో పనిచేయు కొత్తరకపు గన్నులకు, రంగులో 65 శాతమైనను కారుపై నిలుపవలెనని విదేశములలో ప్రమాణము పెట్టిరి. రంగు ఆదాయగును, గాలి మిగులును. మేస్త్రీకి ఆరోగ్యము గురించి చెప్పినప్పుడు వినకున్నను, డబ్బాకు ఇంత మిగులునని చెప్పినచో వినుట కద్దు.

ఏ కారునకు ఏ రంగు?

మొదట పాత రంగు ఏదో తెలిసికొనవలెను. తెల్లని గుడ్డను లాకరు థిన్నరులో తడిపి, డిక్కీ మూత లోపలి వైపు వంటి మరుగు చోట రుద్దుడు. రంగు కరగి గుడ్డకు అంటినచో అది లాకరు. మెత్తబడి ముడుతలు పడినచో అది సింథటిక్ ఎనామెలు. ఏమియు జరుగనిచో కర్మాగారమున కాల్చి గట్టిపరచిన రంగు గాని, టూ కే గాని యగును. క్లియరు కోటు గల రంగును నీటితో తడిపి సన్నని కాగితముతో రుద్దినప్పుడు తెల్లని ధూళి వచ్చును. క్లియరు లేనిచో రంగు ధూళియే వచ్చును. ఎనామెలుపై నేరుగా లాకరు చిమ్మినచో క్రింది పొర ఉబ్బి ముడుతలు పడును. నడుమ తగిన సీలరు పొర లేనిదే ఒక జాతిపై మరియొక జాతిని వేయరాదు.

మెటాలిక్ రంగు గల నేటి కార్లకు బేస్ కోటు, దానిపై టూ కే క్లియరు తప్ప సరియైన మార్గము లేదు. అట్టి కారును గాలి లాగు బూతు, గాలి కవచము గల చోటనే వేయింపవలెను. విజయవాడ ఆటోనగరము వంటి పెద్ద స్థలములలోను, నగరముల వర్కుషాపులలోను అట్టి బూతులు కలవు. ధర హెచ్చుగ నుండును. ఆ హెచ్చు ధరలో కొంత మెరుపునకు గాక ఒక మనుష్యుని ఊపిరికి చెల్లించుచున్నామని కారు యజమాని యెరుగవలెను. చెట్టు క్రింద, రేకుల పాకలో అదే పనిని సగము ధరకు చేయింతుమనువారు ఆ మిగులును మేస్త్రీ ఊపిరితిత్తుల నుండి తీసికొనుచున్నారు.

2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు వంటి పాత కారునకు, దాని రంగు లాకరో ఎనామెలో అయినచో, అదే జాతిని మరల వేయించుట తప్పు కాదు. ఏడాదికొకసారి పాలిషు పట్టవలసి వచ్చును. కొన్ని ఏండ్లకు మరల వేయవలసి వచ్చును. బూతు లేని ఊరిలో నాలుగు వైపుల గాలి ఆడు చోట, బొగ్గు డబ్బీల కవచముతో దీనిని వేయవచ్చును. బూతు లేని షెడ్డువాడు టూ కే రంగు వేయననుట అతని చేతగానితనము కాదు, వివేకము. అట్టివానిని ఒత్తిడి చేయరాదు.

చిన్న గీతలకు, నాణెమంత పెచ్చులకు బ్రష్షుతో అద్దు రంగు చాలును. బజారులో అమ్ము చిమ్ముడు డబ్బాలలో చాలవరకు హార్డెనరు ఉండదు; కాని అడుగున మీట నొక్కి లోపలి మందును కలుపవలసిన డబ్బాలు కొన్ని వచ్చుచున్నవి. వాటిలో నున్నది ఐసోసయనేటే. ఇంటి వరండాలో వాటిని చిమ్మరాదు.

'నీటి రంగు' అనునది ఇటీవల ఎక్కువగా వినబడుచున్నది. ఐరోపా సంఘము 2004లో చేసిన ఆదేశము ననుసరించి, 2007 జనవరి 1 నుండి అచ్చటి కార్ల బేస్ కోటులో లీటరునకు 420 గ్రాములకు మించి ఎగిరిపోవు ద్రావకములు ఉండరాదు. అందుచేత అచ్చట నీటి బేస్ కోటులు వ్యాపించెను. థిన్నరు బాధ దీనివలన నిజముగా తగ్గును. మన తీరప్రాంతముల తేమలో మాత్రము ఇది ఆరుటకు గాలిని బాగుగా ఊదవలెను. దానిపై వేయు క్లియరు చాలచోట్ల టూ కే యే గనుక, నీటి రంగు అని వినినంతనే కవచము అక్కరలేదని తలచరాదు. 2023 ఆగస్టు 24 నుండి ఐరోపాలో ఐసోసయనేటులను వృత్తిలో వాడువారు శిక్షణ పొందినట్లు పత్రము కలిగియుండవలసినదే.

పాత రంగును తీయుట

కొత్త రంగు గురించి ఇంత చెప్పితిమి గాని, కొన్ని కార్లలో పాత రంగే హెచ్చు అపాయకరము. పసుపు, నారింజ, ఎరుపు వన్నెలకు సీస క్రోమేటు వాడుట పరిపాటిగా నుండెను. తుప్పును ఆపు కొన్ని ప్రైమర్లలోని క్రోమేటులు కాన్సరు కలిగించునవి. ఇండ్లకు వేయు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2016లో భారత ప్రభుత్వము నియమము చేయగా, అది 2017 నవంబరు 1 నుండి పూర్తిగా అమలులోనికి వచ్చెను. ఆ నియమము ఇంటి రంగులకు చేసినది. వాహనముల రంగులను గురించి కాదు.

కనుక పాత రంగును పొడిగా గీకరాదు. నీటితో తడిపి రుద్దవలెను. గ్యాసు మంటతో కాల్చి తీయరాదు. ఆ బురద నీటిని వీధి కాలువలో పోయక, ఒక తొట్టిలో నిలువచేసి, అడుగున చేరినదానిని వేరుగా తీయవలెను. పని బట్టలతో ఇంటికి పోయి బిడ్డను ఎత్తుకొనరాదు. పసిబిడ్డల మెదడునకు ఇంతవరకు హాని చేయదని చెప్పదగిన సీసపు మోతాదు లేదు.

పాలియురేథేను పూత గల రేకును వెల్డింగు చేయునప్పుడు ఆ వేడికి పూత విచ్చిపోయి ఐసోసయనేటు మరల వెలువడును. వెల్డింగు చేయు చోట చుట్టును రంగును ముందుగా తీసివేయవలెను.

వానకాలపు పని

గాలిలో తేమ నిండినప్పుడు లాకరు చిమ్మినచో, థిన్నరు ఎగిరిపోవుచు రేకును చల్లబరచును. ఆ చల్లదనమునకు తేమ చేరి రంగుపై పాలపొర కట్టును. మెల్లగా ఎగిరిపోవు థిన్నరు కొంత కలుపుట అందులకు మందు. టూ కే లోనైతే తేమ హార్డెనరుతో కలిసి బొగ్గుపులుసు వాయువు పుట్టును. పూతలో సూది బెజ్జములు పడును. హార్డెనరు డబ్బాలో తేమ చొచ్చినచో డబ్బాయే ఉబ్బును. ఉబ్బిన డబ్బాను బిగించి మూయరాదు, అది పగులును.

వైద్యునితో చెప్పవలసిన మాటలు

రంగు పని చేయువారికి దగ్గు, రొమ్ము బిగియుట, రాత్రివేళ ఆయాసము కలిగినచో, దానిని దుమ్ము వలననో చలివలననో వచ్చినదని సరిపెట్టుకొనరాదు. ఈ ఉబ్బసము పనిచేయు సమయమునకంటె ఇంటికి చేరిన కొన్ని గంటలకు వచ్చుట కద్దు. అందుచేతనే మేస్త్రీ దానిని రంగుతో ముడిపెట్టడు. ఆదివారము, పండుగ సెలవులలో తగ్గి, పనికి పోయిన నాడు మరల వచ్చుచున్నదా అని చూచుకొనవలెను. వైద్యుని వద్దకు పోవునప్పుడు హార్డెనరు డబ్బాపై పేరును వ్రాసికొని పోయి, "నేను దీనిని చిమ్ముదును" అని చెప్పవలెను. వైద్యుడు గొట్టములోనికి బలముగా ఊదించి కొలుచు చిన్న పరికరమునిచ్చి, పనినాడును సెలవునాడును కొలతలు వ్రాయుమనవచ్చును. త్వరగా గుర్తించి పని మార్చిన వారిలో చాలమందికి బాధ తగ్గును; మందులు మ్రింగుచు అదే తుంపరలో కొనసాగిన వారికి ముదురును.

1948 నాటి కర్మాగారముల చట్టము సీసపు విషమును, ఐసోసయనేటు విషమును ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధుల పట్టికలో చేర్చినది. అయితే ముగ్గురు నలుగురు పనిచేయు షెడ్డు ఆ చట్టపు లెక్కలోనికి రాలేదు. మన రంగు పనివారిలో హెచ్చుమంది అట్టి షెడ్లలోనే యుండిరి. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1989లోనే రంగు వేయు వృత్తిని మనుష్యులకు కాన్సరు కలిగించు వాటిలో చేర్చినది.

సాయంకాలము చేతులను థిన్నరుతో గాని పెట్రోలుతో గాని కడుగుకొనరాదు. అది చర్మపు జిడ్డును తీసి, తాను లోనికి పోవును. కొబ్బరినూనె రాచి, గుడ్డతో తుడిచి, సబ్బుతో కడుగుకొనిన చాలును. కలిపి మిగిలిపోయిన టూ కే రంగును మూత పెట్టక, మనుష్యులు తిరుగని ఆరుబయట గట్టిపడు వరకు ఉంచి, పిదప పారవేయవలెను. ఖాళీ హార్డెనరు డబ్బాలను నీళ్లకును, బియ్యమునకును వాడుకొను అలవాటు కొన్ని ఇండ్లలో కలదు. పారవేయుటకు ముందు వాటికి బెజ్జము పొడువవలెను.